మీ పుస్తకం బీరువాలో ఉన్నది

పిల్లలూ! హైదరాబాదు పాతబస్తీలో చార్మినారు నుంచి దక్షిణంగా వెళ్ళి, శాలిబండ, అలియాబాదు, షంషేర్‌గంజ్ దాటితే జహనుమా పేట వస్తుంది. దాని పక్కనే ఫలక్‌నుమా. ఈ రెండు పేర్లూ ఫారసీ భాషవి. ‘జహాన్’ అంటే ప్రపంచం, ‘ఫలక్’ అంటే ఆకాశం, ‘నుమా’ అంటే చూపేది. అంటే, ఆకాశాన్ని చూపేది ఫలక్‌నుమా, ప్రపంచాన్ని చూపేది జహనుమా!

నేను ఈ జహనుమాలోనే ఒక చిన్న బడిలో లైబ్రేరియనును. మా లైబ్రరీ ఒకే ఒక గది. అందులో మూడు ఇనపబీరువాలు, రెండు పొడుగుపాటి బల్లలు, ఒక పంఖా ఉన్నాయి. కిటికీలోంచి చూస్తే ఎదురింటి డాబా, దానిమీద ఆరవేసిన బట్టలు తప్ప మరేమీ కనబడవు. అయినా ఈ పేటలో ప్రపంచాన్ని చూపే చోటు ఏదని నన్ను ఎవరైనా అడిగితే, నేను ఆ గదినే చూపుతాను.

మొదట్లో నాకు ఆ సంగతి తెలియదు. నేను ఉద్యోగంలో చేరిననాడు మూడు బీరువాలకూ తాళాలు వేసి ఉన్నాయి. “పిల్లలకు ఇస్తే పుస్తకాలు పోతాయి. పోతే జీతంలోంచి కట్టుకోవాలి. ఇవ్వకపోతే ఏ గొడవా లేదు,” అని ఒకరు నాకు సలహా చెప్పారు. నేను కూడా సరే అనుకున్నాను. మూడు నెలలపాటు తాళం తీయలేదు. చివరకు ఒకరోజున లెక్క చూడటానికి తీశాను గదా, కింది అరలో చెద పట్టి పుస్తకాలన్నీ మట్టిముద్దలయి ఉన్నాయి! వాటిలో ఒక్కదాన్ని కూడా ఒక్క పిల్లవాడైనా చదవలేదు. పిల్లలు పోగొడతారని నేను దాచినవాటిని చెదలు కాస్తా ఆరగించేశాయి.

ఆనాటి నుంచీ బడి ఉన్నంతసేపూ మా బీరువాలకు తాళాలు లేవు.

ఈ మాట నాకన్న చాలా ముందే ఒక పెద్దాయన చెప్పాడు. ఆయన పేరు ఎస్. ఆర్. రంగనాథన్. ఆయన మద్రాసులో లెక్కల అధ్యాపకుడుగా ఉండేవాడు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి మొట్టమొదటి లైబ్రేరియను అయాడు. 1931లో ఆయన గ్రంథాలయాలకు అయిదు సూత్రాలు చెప్పాడు. పుస్తకాలున్నది దాచటానికి కాదు, వాడటానికి అన్నది మొదటి సూత్రం. ప్రతి పాఠకుడికీ తగిన పుస్తకం అందాలన్నది రెండవది. మొదటి సూత్రానికి తాళం తీస్తే చాలు. రెండవదే కష్టం!

మా బడిలో ఆరో తరగతి కుర్రవాడొకడు ఉండేవాడు. వాడు ఏ పుస్తకం పట్టుకుపోయినా మర్నాడే తెచ్చి ఇచ్చేవాడు. “అప్పుడే చదివేశావా?” అంటే తల ఊపేవాడు. ఒకరోజున కథ చెప్పమన్నాను. వాడు నేలచూపులు చూశాడు. వాళ్ళింట్లో మాట్లాడేది ఉర్దూ. తెలుగు అక్షరాలు వచ్చుగాని, కూడబలుక్కుని చదవటమంటే సిగ్గు. తప్పు వాడిది కాదు, అట్ట అందంగా ఉన్నదని లావుపాటి పుస్తకాలు ఇచ్చిన నాది.

అప్పుడు వాడికి ఒక ఉర్దూ కథ ఇచ్చాను. దాని పేరు ‘అబ్బూ ఖాన్ కీ బక్రీ’, అంటే అబ్బూ ఖాన్ మేక. దాన్ని రాసినది డాక్టరు జాకిర్ హుసేన్. ఆయన 1897లో మన హైదరాబాదులోనే పుట్టాడు, 1967లో భారత రాష్ట్రపతి అయాడు. తాడు తెంచుకుని కొండ మీద స్వేచ్ఛగా తిరగాలని కోరుకున్న ఒక మేక కథ అది. కొండ మీద తోడేలున్నదని ఆ మేకకు తెలుసు. తరవాత ఏం జరిగిందో మీరే చదువుకోండి.

ఆ పుస్తకం మర్నాడు రాలేదు. వారమైనా రాలేదు. వచ్చినప్పుడు దాని అట్ట మీద గుండ్రంగా చాయ్ మరక ఉన్నది. “మేడం, మా దాదీకి చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నది. మళ్ళీ మళ్ళీ చదవమన్నది,” అన్నాడు వాడు భయపడుతూ. నేను మరక మాట ఎత్తలేదు. ఆ కథనే తెలుగులో తరగతికి చెప్పమన్నాను. తడుముకుంటూనే చెప్పాడు. తోడేలు వచ్చే ఘట్టంలో తరగతిలో ఒక్కరు కూడా కదలలేదు. ఆ తరవాత వాడు చిన్న చిన్న తెలుగు పుస్తకాలు తనంతట తనే అడిగి పట్టుకుపోసాగాడు.

ఒకప్పుడు ఇదే ఊళ్ళో ఇందుకు తలకిందులైన పరిస్థితి ఉండేది. నిజాం రాజ్యంలో కచేరీలలోనూ, బడులలోనూ ఉర్దూయే. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు తమ భాషలో పుస్తకం దొరకటం గగనం. అటువంటి రోజులలో, 1901లో, కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు మొదలైనవారు హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయాన్ని స్థాపించారు. ఇంటిభాషలో చదివే రుచి తెలిస్తే మరో భాష కూడా లొంగుతుంది.

ఇక పుస్తకాల సంగతికి వద్దాం. మా గదిలో పిల్లల చేతుల్లో నలుగుతున్న వాటినే చెబుతాను.

చిన్నవాళ్ళకు

అక్షరాలు ఇప్పుడిప్పుడే కూడుతున్నవారికి బొమ్మలు పెద్దవిగా, మాటలు తక్కువగా ఉండే పుస్తకాలు కావాలి. 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్టు ‘నెహ్రూ బాల పుస్తకాలయం’ పేరుతో ఇలాంటివి తెలుగులోనూ, ఉర్దూలోనూ వేసింది. సికిందరాబాదులోని ‘మంచి పుస్తకం’ సంస్థవారు కూడా చక్కని బొమ్మల పుస్తకాలు తక్కువ ధరకు వేస్తున్నారు.

పుస్తకం మీకు తగినదో కాదో తెలుసుకోవటానికి ఒక చిట్కా ఉన్నది. మధ్యలో ఒక పేజీ తెరిచి చదవండి. తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవండి. పేజీ అయేలోగా అయిదు వేళ్ళూ ముడుచుకుంటే ఆ పుస్తకాన్ని మళ్ళీ ఏడాదికి ఉంచండి. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. చెప్పులు కూడా కాలికి తగినవే కొనుక్కుంటాం గదా!

అయిదు నుంచి ఏడు తరగతులవారికి

కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి ఏటా పిల్లల పుస్తకాలకు ప్రత్యేకంగా బాల సాహిత్య పురస్కారం ఇస్తున్నది. కొత్త పుస్తకాలు ఏవి కొనాలో తోచనప్పుడు నేను మొదట ఆ పట్టిక చూస్తాను. 2021లో దేవరాజు మహారాజు ‘నేను అంటే ఎవరు?’, 2022లో పత్తిపాక మోహన్ ‘బాలల తాత బాపూజీ’, 2023లో డి. కె. చదువుల బాబు ‘వజ్రాల వాన’, 2024లో పి. చంద్రశేఖర్ ఆజాద్ ‘మాయాలోకం’, 2025లో గంగిశెట్టి శివకుమార్ ‘కబుర్ల దేవత’ ఆ పురస్కారం పొందాయి.

ఈ వయసువారు ‘రైలుబడి’ని కూడా వదలరాదు. ఇది జపాను దేశపు పుస్తకం. రాసినది టెట్సుకో కురొయనాగి, మొదట వెలువడినది 1981లో. అల్లరి పిల్ల అని ఒక బడి నుంచి తీసేసిన పాపను మరో బడిలో వేస్తారు. ఆ బడిలో తరగతి గదులు పాత రైలుపెట్టెలు! అక్కడి హెడ్మాస్టరు మొదటిరోజునే ఆ పిల్ల చెప్పే కబుర్లన్నీ నాలుగు గంటలపాటు ఓపికగా వింటాడు. ఇది కట్టుకథ కాదు. ఆ పాపే పెద్దదయి తన కథ తాను రాసుకున్నది. ఆ బడి మాత్రం 1945లో యుద్ధపు బాంబులకు కాలిపోయింది.

సైన్సు ఇష్టమైనవారికి

1582లో కొన్ని దేశాలలో అక్టోబరు 4వ తేదీకి మరునాడు 15వ తేదీ వచ్చింది! ఎందుకో తెలుసా? గోడమీది కేలండరు వెనక ఇటువంటి వింతలెన్నో ఉన్నాయి. మహీధర నళినీమోహన్ రాసిన ‘కేలండర్ కథ’ చూడండి. ఆయన భౌతికశాస్త్రవేత్త అయినా, పక్కన కూర్చుని కబుర్లు చెప్పినట్టు రాస్తాడు.

సైన్సు పుస్తకం ఒక మనిషిని ఎంతవాణ్ణి చేయగలదో వినండి. లండనులో ఒక కమ్మరివాడి కొడుకు చదువు ఆగిపోయి, పద్నాలుగేళ్ళ వయసులో, 1805లో, పుస్తకాలకు అట్టలు వేసే దుకాణంలో పనికి కుదిరాడు. అట్ట వేయటానికి వచ్చిన పుస్తకాలను పని అయాక చదివేవాడు. వాటిలో జేన్ మార్సెట్ అనే ఆమె రసాయనశాస్త్రాన్ని అందరికీ అర్థమయేలా సంభాషణలుగా రాసిన పుస్తకం ఉన్నది. అందులో చెప్పిన ప్రయోగాలను చేతనైనంత వరకు తానే చేసి చూశాడు. ఆ కుర్రవాడే మైకేల్ ఫారడే. 1831లో ఆయన తీగచుట్ట దగ్గర అయస్కాంతాన్ని కదిలించి విద్యుత్తు పుట్టించాడు. ఈనాడు నదుల దగ్గరా, బొగ్గు దగ్గరా కరెంటు తయారుచేసే జనరేటర్లన్నీ ఆ సూత్రం మీదనే తిరుగుతున్నాయి.

మీ లైబ్రరీలో పుస్తకాల వీపుల మీద అంకెలు ఉంటే అవి ఉత్తుత్తివి కావు. అమెరికాలో మెల్విల్ డ్యూయీ 1876లో ఏర్పరచిన పద్ధతి అది. 500 అంటే సైన్సు, 520 నక్షత్రాలు, 590 జంతువులు, 900 చరిత్ర, భూగోళం. మా బడి కుర్రాళ్ళకు మిగతావి గుర్తుండవుగాని, 796 మాత్రం నోటికి వచ్చు. ఆటలన్నీ అక్కడే ఉంటాయి, క్రికెట్టుతో సహా!

పెద్ద పిల్లలకు

ఎనిమిది నుంచి పైతరగతులవారు తమ వంటి మనుషుల కథలు అడుగుతారు. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ నెల్లూరు సీమలో ఒక ముస్లిం కుటుంబంలో పెరిగిన పిల్లవాడి ముచ్చట్లు. అచ్చంగా అక్కడి వాడుకభాషలో ఉంటాయి. మా పిల్లలు వాటిని చదివి, “ఇది మా ఇంటి సంగతే!” అంటారు. సోమరాజు సుశీల ‘ఇల్లేరమ్మ కతలు’ ఒక గడుగ్గాయి ఆడపిల్ల చిన్ననాటి కబుర్లు. అబ్దుల్ కలాం జీవితకథ తెలుగులో ‘ఒక విజేత ఆత్మకథ’ అనే పేరుతో వచ్చింది. యుద్ధకాలంలో రామేశ్వరంలో రైలు ఆగటం మానేస్తే, రైల్లోంచి విసిరిన పత్రికల కట్టలను ఏరి ఇచ్చి మొదటి సంపాదన సంపాదించిన బాలుడే తరవాత రాకెట్లు తయారుచేశాడు, రాష్ట్రపతి అయాడు.

ఇంకొక పుస్తకం గురించి చెప్పాలంటే, ముందు ఒక అమ్మాయి గురించి చెప్పాలి.

మా బడిలో ఒక కార్డుకు ఒక పుస్తకమే ఇస్తాం. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె రెండు కావాలన్నది. కుదరదన్నాను. “ఒకటి అక్కకు, మేడం. అక్క తొమ్మిదిలో మానేసింది. ఇంట్లో మగ్గం పని చేస్తుంది,” అన్నది. నేను కాసేపు ఆలోచించి, రిజిస్టరులో “అక్క కోసం” అని రాసి రెండోది కూడా ఇచ్చాను.

అలా వెళ్ళిన పుస్తకాలలో ఆన్ ఫ్రాంక్ డైరీ ఒకటి. పదమూడో పుట్టినరోజున, 1942 జూన్ 12న, ఆ పిల్లకు ఆ డైరీ కానుకగా వచ్చింది. యూదులను వేటాడుతున్న హిట్లరు మనుషులకు దొరక్కుండా, ఆమె కుటుంబం రెండేళ్ళపాటు ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో ఒక కార్యాలయం వెనక గదుల్లో దాక్కున్నది. ఆ గదుల్లో కూర్చుని ఆమె రాసుకున్నది.

పుస్తకం తిరిగి వచ్చినప్పుడు అందులో ఒక చీటీ ఉన్నది. “మేడం, దీని రెండో భాగం పంపండి,” అని అందులో రాసి ఉన్నది.

దానికి రెండో భాగం లేదు. 1944 ఆగస్టు 1న ఆన్ ఆఖరిసారి రాసింది. 4న ఆ కుటుంబాన్ని పట్టుకుపోయారు. మర్నాటి ఏడు నిర్బంధ శిబిరంలో ఆమె చనిపోయింది. నేను అదంతా చీటీ వెనక రాసి పంపాను. రెండు రోజులకు మరో చీటీ వచ్చింది: “మరి ఆ డైరీని ఎవరు కాపాడారు?”

ఆ కార్యాలయంలో పనిచేసే మీప్ గీస్ అనే ఆమె నేలమీద పడి ఉన్న ఆ కాగితాలను ఏరి, చదవకుండా, ఆన్ తిరిగి వస్తే ఇద్దామని దాచింది. యుద్ధం అయాక తండ్రి ఒక్కడే తిరిగి వచ్చాడు. ఆమె అవి ఆయన చేతికి ఇచ్చింది. 1947లో ఆయన వాటిని అచ్చువేయించాడు. నేను అది కూడా రాసి పంపాను.

ఆ అక్కను నేను ఈనాటికీ చూడలేదు. కాని ఈ ఏడు ఆమె ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతి పరీక్షకు ఫీజు కట్టిందట. “ఇప్పుడు పాఠ్యపుస్తకాలు కూడా కావాలట, మేడం!” అన్నది చెల్లెలు నవ్వుతూ.

పిల్లల తల్లిదండ్రులారా! “కథల పుస్తకాలు చదివితే చదువు చెడుతుంది,” అని కొందరు మాతో అంటారు. కథ కోసం నాలుగు పేజీలు ఆగకుండా చదివినవాడికి పాఠం చదవటం బరువు కాదు. రోజుకు పావుగంట వాళ్ళ చేత చదివించుకుని వినండి. మీకు చదువు రాకపోయినా ఫరవాలేదు. మా కుర్రవాడి దాదీకి కూడా రాదు!

పిల్లలూ! మీ బడిలో పుస్తకాలు చాలకపోతే ఊళ్ళో ఉన్నాయి. మా పేట నుంచి చార్మినారు మీదుగా వెళ్ళి నయాపూల్ మీద మూసీ దాటితే అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉన్నది. 1891లో మొదలైన ఆ లైబ్రరీకి ఈ పెద్ద భవనం 1936లో వచ్చింది. ఒక ఆదివారం నాన్నగారినో, బాబాయినో వెంటబెట్టుకుని వెళ్ళి చూడండి.

అంతకన్న ముందు, రేపు బడికి వెళ్ళగానే మీ బడి బీరువా దగ్గరికి వెళ్ళండి. తాళం వేసి ఉంటే తీయమని మర్యాదగా అడగండి. ఇంటి దగ్గర చదువు ఆగిపోయిన అక్కో, అన్నో ఉంటే వారి కోసం కూడా ఒక పుస్తకం అడగండి. ఇచ్చే మనసున్న లైబ్రేరియనుకు రిజిస్టరులో చోటు దొరక్కపోదు.