ఆగినప్పుడు తిరగాల్సిన ఫ్యాన్

మే నెల మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి 65వ నంబర్ జాతీయ రహదారి మీద వచ్చే కారు సూర్యాపేట దాకా ఏ ఇబ్బందీ పెట్టదు. ఊళ్లోకి దిగి ట్రాఫిక్‌లో కాసేపు నిలబడగానే టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది. మళ్లీ హైవే ఎక్కితే దిగిపోతుంది. కోదాడలో ఆగితే మళ్లీ లేస్తుంది. ఈ లక్షణం చెప్పగానే అనుభవమున్న మెకానిక్ చూపు రేడియేటర్ ఫ్యాన్ మీదికి పోతుంది. బండి పరుగెత్తుతున్నంతసేపూ ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. బండి ఆగితే ఆ గాలి ఉండదు. అప్పటి పనంతా ఫ్యాన్‌దే.

కార్ల తొలినాళ్లలో ఈ ఫ్యాన్ లేదు. కార్ల్ బెంజ్ తయారుచేసిన మూడు చక్రాల బండిలో నీళ్లే ఆవిరై ఇంజిన్ వేడిని మోసుకుపోయేవి. 1888లో ఆయన భార్య బెర్తా ఆ బండిలో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ వెళ్తూ దారి పొడవునా నీళ్లు పోసుకోవాల్సి వచ్చింది. తర్వాత రేడియేటర్లు, వాటి వెనక ఫ్యాన్లు వచ్చాయి. 1908 నాటి ఫోర్డ్ మోడల్ టిలోనూ, మన అంబాసిడర్‌లోనూ ఫ్యాన్‌ను తిప్పింది ఇంజిన్‌కు వేసిన బెల్టే. అందులో ఒక లోపం ఉంది. బండి ఆగి ఇంజిన్ నెమ్మదించినప్పుడు, అంటే గాలి బాగా కావాల్సినప్పుడే, ఫ్యాన్ కూడా నెమ్మదించేది. హైవే మీద అవసరం లేకున్నా జోరుగా తిరిగి ఇంధనం తినేది.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. అందులో ఇంజిన్‌ను అడ్డంగా అమర్చారు. అలాంటి ఇంజిన్ నుంచి ముందువైపు ఫ్యాన్‌కు నేరుగా బెల్టు వేయడం కుదరదు. కాబట్టి ఫ్యాన్‌కు సొంత కరెంటు మోటారు పెట్టారు. ఇంజిన్ వేగంతో దానికిక సంబంధం లేదు. ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే ఏర్పాటు మాత్రం కావాల్సి వచ్చింది. ఈ యంత్రం తెలివంతా అక్కడే ఉంది.

మొదట్లో ఆ పని వేడికి కలుసుకునే చిన్న స్విచ్ చేసేది. ఇప్పుడు సెన్సార్ చేస్తోంది. కూలెంట్ వేడెక్కేకొద్దీ సెన్సార్ నిరోధం తగ్గుతుంది. అది గమనించిన ఇంజిన్ కంప్యూటర్, చాలా కార్లలో 95 డిగ్రీల సెల్సియస్ దగ్గర్లో, రిలేకు సంకేతం ఇస్తుంది. రిలే కలిస్తే బ్యాటరీ కరెంటు ఫ్యూజ్ మీదుగా మోటారుకు చేరి, ఎర్త్ ద్వారా తిరిగి వెళ్తుంది. ఈ దారిలో ఎక్కడ తెగినా ఫ్యాన్ తిరగదు.

అందుకే వెతకడం కూడా ఆ దారి వెంటే సాగాలి. ముందు ఏసీ వేయాలి. చాలా కార్లలో ఏసీ వేస్తే రేడియేటర్ ఫ్యాన్ కూడా తిరుగుతుంది. అలా తిరిగితే మోటారు బాగున్నట్టే, అనుమానం సెన్సార్ వైపు మళ్లాలి. సెన్సార్ ప్లగ్ ఊడదీస్తే చాలా కార్లలో కంప్యూటర్ జాగ్రత్తపడి ఫ్యాన్‌ను తనంతట తానే తిప్పుతుంది. అప్పటికీ తిరగకపోతే ఫ్యూజ్, రిలే చూడాలి. ఫ్యూజ్ పోయి ఉంటే ఎందుకు పోయిందో తెలుసుకోకుండా పెద్దది వేయకూడదు. పట్టేసిన మోటారు ఎక్కువ కరెంటు లాగితే వైర్లు కాలిపోతాయి. మోటారును మెల్లగా తట్టినప్పుడు తిరిగితే కార్బన్ బ్రష్‌లు అరిగినట్టు.

ఎక్కువమంది తప్పుదారి పట్టేది మీటర్ దగ్గర. ఫ్యాన్ ప్లగ్ ఊడదీసి కొలిస్తే 12 వోల్టులు చూపిస్తుంది, ‘కరెంటు వస్తోంది, మోటారే పోయింది’ అనుకుంటారు. కానీ కరెంటు పారనప్పుడు తుప్పు పట్టిన కనెక్టర్ కూడా పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. అక్కడ 0.2 ఓమ్‌ల నిరోధం ఉంటే, 15 ఆంపియర్లు పారేటప్పుడు 3 వోల్టులు అక్కడే పోతాయి. అందుకే ఫ్యాన్‌ను కలిపి ఉంచి, కరెంటు పారుతుండగా కొలవాలి. ఎర్త్ వైపూ అలాగే కొలవాలి. ఇంజిన్ ఆపినా కొన్ని కార్లలో ఫ్యాన్ హఠాత్తుగా తిరుగుతుంది, చేతులు జాగ్రత్త. వేడి మీద రేడియేటర్ మూత అసలు తీయకూడదు.

మిర్యాలగూడ దారుల్లో ఇంకోటి చూడాలి. రైస్ మిల్లుల దుమ్ము, ఊక రేడియేటర్ రేకుల్లో పేరుకుంటే ఫ్యాన్ ఎంత తిరిగినా గాలి లోపలికి దూరదు. అది కరెంటు లోపం కాదు, శుభ్రం చేస్తే చాలు.

ఇవేవీ చూడకుండా ఫ్యాన్‌కు డైరెక్ట్ వైరు లాగి స్విచ్ పెట్టడం మామూలైపోయింది. దారి మధ్యలో గట్టెక్కడానికి అది పనికొస్తుంది. అలాగే వదిలేస్తే మాత్రం, స్విచ్ వేయడం మరిచిన ఒక్కరోజు చాలు, హెడ్ గాస్కెట్ కాలిపోవడానికి. తనంతట తాను వేడిని గుర్తించి తిరగడం ఈ ఫ్యాన్ నేర్చుకోవడానికి దశాబ్దాలు పట్టింది. ఆ నేర్పును తిరిగి బతికించినప్పుడే అది మరమ్మతు అవుతుంది. కాబట్టి కొత్త ఫ్యాన్‌కు డబ్బు ఇచ్చే ముందు మెకానిక్‌ను ఒక్క మాట అడగండి: ఫ్యాన్ కలిపి ఉన్నప్పుడు కనెక్టర్ దగ్గర ఎన్ని వోల్టులు వస్తున్నాయి?