బంగారమును వెదకు కంపెనీ లాభాంశము నెప్పుడు పంచును?

కర్నూలు జిల్లా జొన్నగిరి బంగారు గనిని గూర్చి పత్రికలలో వార్తలు వచ్చుచుండుటచే, అట్టి కంపెనీలలో వాటాలు కొన్నచో ఏటేట డివిడెండు చేతికి వచ్చునని పెన్‌పహాడ్, సూర్యాపేట, కోదాడ ప్రాంతముల సభ్యులు కొందరు తలంచుచున్నట్లు మాకు తెలియవచ్చినది. ధాన్యము అమ్మగా మిగిలిన సొమ్మే రైతునకు మరుసటి పంటకు పెట్టుబడి. కావున దానిని వేరొకచోట పెట్టుటకు ముందు, డివిడెండు ఎక్కడనుండి పుట్టునో, బంగారమును వెదకు దశలోనున్న కంపెనీ దాని నేల యీయజాలదో విశదపరచుట అవసరమని తలంచితిమి.

డివిడెండనగా లాభములో వాటాదారునకు వచ్చు భాగము. అది వడ్డీ కాదు. అప్పు ఇచ్చినవానికి, కంపెనీ లాభపడినను నష్టపడినను, వడ్డీ చెల్లవలెను. వాటాదారునకు అట్టి హక్కు లేదు. 2013 నాటి కంపెనీల చట్టము ప్రకారము, యంత్రాదుల తరుగుదలను తీసివేసి, వెనుకటి సంవత్సరముల నష్టములను పూడ్చిన పిమ్మట మిగిలిన లాభమునుండి గాని, పూర్వము నిలువచేసిన లాభమునుండి గాని డివిడెండు పంచవలెను. వాటాల రూపమున వచ్చిన మూలధనమును డివిడెండుగా పంచరాదు. ఎంత పంచవలెనో డైరెక్టర్ల బోర్డు సూచించును. వాటాదారుల సమావేశము దానిని ఆమోదింపవచ్చును, తగ్గింపవచ్చును గాని హెచ్చింపజాలదు. ప్రకటించిన 30 దినములలో దానిని చెల్లింపవలెను.

ఇక అన్వేషణ కంపెనీ స్థితి యెట్టిదో చూతము. అది బంగారము అమ్ముట లేదు. బోర్లు వేసి, రాతి నమూనాలు తీసి, పరీక్ష చేయించుచుండును. టన్ను రాతిలో కొద్ది గ్రాముల బంగారమే యుండును. అదియు గిట్టుబాటుగా లభించునో లేదో తేలుటకు సంవత్సరములు పట్టును. అంతవరకు ఖర్చే గాని రాబడి లేదు. పొలములో బోరు వేయించు రైతు, నీరు పడకమునుపే పొరుగువారికి తడి పంచెదనని మాట యీయజాలడు గదా! ఇదియు నట్టిదే.

ఒక లెక్క చూపెదము. నూరుగురు తలకు 10,000 రూపాయల చొప్పున 10 లక్షలు చేర్చి కంపెనీ పెట్టిరనుకొందము. బోర్లకు 8 లక్షలు వ్యయమైనవి. 2 లక్షలు మిగిలినవి. ఇప్పుడు తలకు 1,000 రూపాయలు పంచినచో, అది లాభము కాదు. వారి సొమ్మే వారికి తిరిగి వచ్చినది. అన్వేషణకు మిగిలిన ధనము సగమైనది. పని సాగుటకు మరల క్రొత్త వాటాలు అమ్మవలెను. మరి నూరుగురు అంతే సొమ్ముతో చేరినచో, మొదటివాని భాగము నూటిలో ఒకటినుండి రెండు నూరులలో ఒకటికి దిగును. రేపు గనిలో లాభము వచ్చినను అతనికి అందు సగమే దక్కును.

జొన్నగిరి సంగతియే తీసికొందము. తొలకరి వానలకు వజ్రములు వెదకువారు చేరు ప్రదేశమది. అచ్చటి గని లీజు 2013లో జియోమైసూర్ సర్వీసెస్ అను కంపెనీకి లభించినది. బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైన డెక్కన్ గోల్డ్ మైన్స్ కంపెనీకి అందు వాటా కలదు. మరుసటి సంవత్సరము చివరకు పూర్తి ఉత్పత్తి ఆరంభమగుననియు, ఏటికి సుమారు 750 కిలోల బంగారము వచ్చుననియు 2023లో కంపెనీవారు చెప్పిరి. పర్యావరణానుమతులు లభించినవి, పూర్తి ఉత్పత్తి త్వరలో ఆరంభింతుమని 2025లో చెప్పిరి. లీజు దొరకిన పిమ్మట పండ్రెండేండ్లు గడచెను. అన్వేషణలో గడపిన సంవత్సరములలో డెక్కన్ గోల్డ్ డివిడెండు పంచలేదు. ఇందు తప్పు లేదు. లాభము లేనిచో పంచకుండుటయే ధర్మము.

పూర్వ చరిత్రయు దీనినే తెలుపుచున్నది. 1880 ప్రాంతమున వయనాడులో బంగారము కలదని లండనులో ముప్పదికి మించి కంపెనీలు వెలసినవి. మూలధనములో పెద్ద భాగము భూములు అమ్మినవారికిని స్థాపకులకును పోయినది. కొద్ది యేండ్లలో చాలవరకు మూతపడినవి. ఆ 1880లోనే పుట్టిన మైసూరు గోల్డ్ మైనింగ్ కంపెనీయు, కోలారులో ధనమంతయు దాదాపు వ్యయపరచి మూసివేతకు సిద్ధమైనది. మిగిలిన కొద్ది సొమ్ముతో మరికొంత త్రవ్వగా చాంపియన్ రీఫ్ అను బంగారు పొర బయల్పడినది. పిమ్మట దశాబ్దముల తరబడి డివిడెండ్లు ముట్టినవి. కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. నిలిచినది ఒకటైన, మునిగినవి అనేకములు. నిలిచినదానిలోనైనను డివిడెండు బంగారము వెడలిన పిమ్మటనే వచ్చినది.

అట్లైన జనులు ఈ వాటాల నేల కొందురు? బంగారము దొరకినచో వాటా ధర పెరుగును, అప్పుడు అమ్ముకొందమను ఆశతో కొందురు. దొరకనిచో ధర పడిపోవును. ఇది పోయినను బ్రతుకు చెడని సొమ్ముతో చేయదగిన పని.

మన సహకార సంఘములోను డివిడెండు లాభమునుండియే వచ్చును. లాభము లేని యేట రాదు. అయితే 1912 నాటి సహకార చట్టమే లాభములో నాలుగవ వంతునకు తక్కువ గాకుండ నిలువ నిధికి చేర్చవలెనని విధించినది. సంఘములో ప్రతి సభ్యునకు ఒకే ఓటు; కంపెనీలో వాటాల లెక్కను బట్టి ఓట్లు.

కావున ఎవరైన గ్రామమునకు వచ్చి, గని తెరవకముందే ఏటికి నూటికింత డివిడెండు ఇప్పింతుమని చెప్పినచో, సభ్యులు ఈ ప్రశ్నలు అడుగవలెను. కంపెనీ ఇప్పటికి బంగారము అమ్ముచున్నదా? గత సంవత్సరపు ఆడిట్ అయిన లెక్కలలో లాభమా, నష్టమా? వెనుకటి నష్టములు పూడినవా? డివిడెండు లాభమునుండియా, క్రొత్తవారి వాటా సొమ్మునుండియా? సమాధానము కాగితముపై చూపనివానికి సొమ్ము ఈయరాదు. విత్తనములకు, ఎరువులకు, సంఘపు అప్పు తీర్చుటకు ఉంచిన ధనమును ఇట్టి వాటాలలో ఎన్నడును పెట్టరాదని సభ్యులకు మా మనవి.