కమ్యూనిటీ హాలు కరెంటు: ముందు గంటలు లెక్కపెట్టండి

పల్లెలో కమ్యూనిటీ హాలు పెళ్లి భోజనాలకూ కావాలి, పెద్దకర్మలకూ కావాలి. డ్వాక్రా సంఘాల సమావేశాలు, వైద్య శిబిరాలు అక్కడే. ఎన్నికలొస్తే పోలింగ్ కేంద్రమూ అదే. ఆ హాల్లో కరెంటు ఆదా చేద్దామనగానే సోలార్ పలకల మాట ముందుకొస్తుంది. నన్నడిగితే అది చివర మాట్లాడుకోవాల్సింది. హాలు ఏడాదికి ఎన్ని గంటలు వాడకంలో ఉంటుందో మొదట తేలాలి.

లెక్క కోసం 40 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు ఉన్న స్లాబు హాలు అనుకుందాం. లోపల 12 పాత ఫ్యాన్లు, చోకుతో వెలిగే 12 ట్యూబులైట్లు, బయట 500 వాట్ల హాలోజన్ దీపాలు రెండు. పాత ఫ్యానుకు సుమారు 75 వాట్లు పడుతుంది. 40 వాట్ల ట్యూబుకు తోడు చోకు మరో 12 వాట్లు తింటుంది. ఫ్యాన్లు, ట్యూబులు ఏడాదికి 300 గంటలు, బయటి దీపాలు 200 గంటలు వాడితే మొత్తం 657 యూనిట్లు. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు, 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు, 100 వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైట్లు పెడితే అదే వాడకం 220 యూనిట్లలో అయిపోతుంది. మిగిలేవి 437 యూనిట్లు. యూనిట్ 8 రూపాయల చొప్పున ఏడాదికి దాదాపు 3,500 రూపాయలు.

ఈ మొత్తాన్ని విడదీసి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. ఒక్కో హాలోజన్ దీపం మార్చినందుకు ఏడాదికి 640 రూపాయలు మిగులుతుంది. ఫ్యాను మార్చితే మిగిలేది 13.5 యూనిట్లు, అంటే 108 రూపాయలే. కొత్త ఫ్యాను 3,000 అనుకుంటే ఆ సొమ్ము తిరిగి రావడానికి 28 ఏళ్లు పడుతుంది. ఫ్యాను అన్నాళ్లు మన్నదు. అదే హాల్లో రోజూ అంగన్‌వాడీయో గ్రంథాలయమో నడిచి ఫ్యాను 2,000 గంటలు తిరిగిందంటే ఏడాదికి 720 రూపాయలు మిగులుతుంది, నాలుగేళ్లు దాటగానే పెట్టుబడి చేతికొస్తుంది. పెళ్లిళ్లకు మాత్రమే తెరిచే హాలయితే పాత ఫ్యాను కాలిపోయాకే మార్చండి. కొనేటప్పుడు స్టార్ లేబుల్ చూడండి. 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు అది తప్పనిసరి.

పైసా ఖర్చు లేని ఆదా ఇంకొకటుంది. బయటి 100 వాట్ల దీపం తెల్లవారాక ఆపకుండా రోజూ 12 గంటలు వెలిగిందనుకోండి, ఏడాదికి 438 యూనిట్లు పోతాయి. అన్నీ మార్చి మిగిల్చుకున్నదంతా ఆ ఒక్క దీపమే తినేస్తుందన్నమాట! స్విచ్చు బాధ్యత ఫలానా మనిషిదని తేల్చాలి, లేదా కొంత ఖర్చుకు సిద్ధపడి వెలుతురును బట్టి దానంతటదే ఆగే సెన్సరు బిగించాలి.

ఇక స్లాబు. మన ప్రాంతాల్లో హాళ్ల అసలు బాధ బిల్లు కన్నా వేడి. వేసవి మధ్యాహ్నం ఒక చదరపు మీటరు మీద సుమారు 900 వాట్ల ఎండ పడుతుంది. మన హాలు పైకప్పు 93 చదరపు మీటర్లు, అంటే 80 కిలోవాట్లకు పైనే. నల్లబడిన సిమెంటు స్లాబు అందులో చాలా భాగాన్ని మింగి, సాయంత్రం పెళ్లివారు భోజనాలకు కూర్చునే వేళకు లోపలికి వదులుతుంది. ఫ్యాను గాలిని కదిలిస్తుంది గానీ చల్లబరచదు. గది వేడి 35 డిగ్రీలు దాటితే మన మీదికి కొట్టేది వేడిగాలే. తెల్లటి పూత తాజాగా ఉన్నప్పుడు ఎండలో 70 శాతానికి పైగా వెనక్కి తిప్పికొడుతుంది, లోపలి వేడిని 2 నుంచి 5 డిగ్రీల దాకా తగ్గించగలదు. సున్నం చవక, కానీ వానలకు కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా ఫాల్గుణంలో మళ్లీ వేయాలి. కూల్ రూఫ్ పెయింటు ఖర్చెక్కువ, కొన్నేళ్లు నిలుస్తుంది. తెలంగాణ 2023 ఏప్రిల్‌లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం ప్రభుత్వ భవనాలన్నిటికీ ఇలాంటి పైకప్పును తప్పనిసరి చేసింది. ఊళ్లలోని హాళ్లకు కూడా ఇదే మొదటి పని కావాలని నా గట్టి అభిప్రాయం. రేకుల హాలయితే మరీనూ.

సోలార్ విషయానికొస్తే, 1 కిలోవాటు పలకలు రోజుకు దాదాపు 4 యూనిట్లు ఇస్తాయి. 3 కిలోవాట్లు పెడితే ఏడాదికి 4,380. హాలుకు కావలసింది 220! మిగతాది ఎవరికి? ఊరి మంచినీళ్ల మోటారును చూడండి. 5 హెచ్‌పీ మోటారు రోజుకు 4 గంటలు నడిస్తే 15 యూనిట్లు, ఏడాదికి 5,400 పైచిలుకు. పైకప్పు హాలుది, అవసరం మోటారుది. రెండింటి సర్వీసు నంబర్లు వేరయితే ఆ కరెంటును మోటారు బిల్లులో సర్దుబాటు చేస్తారో లేదో పలకలు కొనకముందే విద్యుత్ శాఖ ఏఈని అడగాలి. పీఎం సూర్యఘర్ పథకం ప్రధానంగా ఇళ్లకు ఉద్దేశించింది. హాలుకు సబ్సిడీ వస్తుందన్న ధీమాతో పని మొదలుపెట్టకండి.

బిల్లులో వాడిన యూనిట్ల లెక్కొక్కటే ఉండదు. చాలా కనెక్షన్ కేటగిరీల్లో లోడు కిలోవాటుకు ఇంతని నెలనెలా స్థిర ఛార్జీ పడుతుంది. హాలు మూసి ఉన్నా అది కట్టాల్సిందే. దీపాలు, ఫ్యాన్లు మారి లోడు తగ్గాక ఒప్పంద లోడు తగ్గించమని దరఖాస్తు పెట్టాలి.

వచ్చే గ్రామసభకు హాలు బిల్లులు 12 నెలలవి తెమ్మని పంచాయతీ కార్యదర్శిని అడగండి. హాలు ఏ నెలలో ఎన్ని గంటలు తెరిచారో ఒక కాగితం మీద రాసి మీరు తీసుకెళ్లండి. ఆ రెండూ పక్కపక్కన పెట్టాకే సోలార్ తీర్మానం మీద సంతకం చేయండి.