నీటిపై దిగిన విమానం నేర్పే పాఠం

విమానం రన్‌వే వైపు మెల్లగా కదులుతుంటుంది. ఉమ్రాకు బయలుదేరిన పెద్దలు ప్రయాణపు దుఆ చదువుకుంటూ ఉంటారు. సెలవు ముగించుకుని గల్ఫ్‌కు తిరిగి వెళ్తున్న యువకులు కిటికీలోంచి చివరిసారిగా ఊరివైపు చూస్తుంటారు. సరిగ్గా అప్పుడే ఎయిర్ హోస్టెస్ పసుపు పచ్చని లైఫ్ జాకెట్‌ను మెడలో వేసుకుని చూపిస్తుంది. ఆమెవైపు చూసేవారు తక్కువ. పైగా ఆ వివరణ ఇంగ్లీషులోనో, హిందీలోనో, అరబ్బీలోనో సాగుతుంది. తెలుగు మాత్రమే వచ్చిన తల్లులకు అందులో ఒక్క ముక్క అర్థం కాదు. ‘అంతా అల్లాహ్ చూసుకుంటాడులే’ అని సరిపెట్టుకుంటాం.

ఆ వివరణలోని ఒక్క మాట ఎంత విలువైనదో 1996లో కొమొరోస్ దీవుల దగ్గర లోకానికి తెలిసివచ్చింది.

కొమొరోస్ తీరాన

1996 నవంబరు 23న ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 767 విమానం 175 మందితో అడిస్ అబాబా నుంచి నైరోబీకి బయలుదేరింది. దారిలో ముగ్గురు హైజాకర్లు కాక్‌పిట్‌లోకి చొరబడి, విమానాన్ని ఆస్ట్రేలియాకు మళ్లించమన్నారు. అంత దూరానికి ఇంధనం చాలదని కెప్టెన్ లియుల్ అబాటె ఎంత చెప్పినా వారు వినలేదు. చివరకు రెండు ఇంజన్లూ ఆగిపోయాయి.

కొమొరోస్ ఆఫ్రికాకు తూర్పున, హిందూ మహాసముద్రంలో ఉన్న చిన్న ముస్లిం దేశం. అక్కడి గ్రాండ్ కొమొర్ దీవి తీరానికి దగ్గరలో కెప్టెన్ విమానాన్ని నీటిపై దించవలసి వచ్చింది. ఒక పక్క హైజాకర్‌తో పెనుగులాట సాగుతూనే ఉంది. ఎడమ రెక్క ముందుగా నీటిని తాకడంతో విమానం ముక్కలైంది. హైజాకర్లతో సహా 125 మంది మరణించారు. 50 మంది బతికారు. తీరంలోని యాత్రికులు, స్థానికులు పడవల్లో వెళ్లి చేతనైనంత మందిని కాపాడారు.

మరణించినవారిలో కొందరు విమానం నీటిని తాకిన దెబ్బకు పోయినవారు కారు. వారు కంగారులో లోపలే లైఫ్ జాకెట్‌లో గాలి నింపుకున్నారు. బంతిని నీటిలోకి ఎంత అదిమినా అది పైకి లేస్తుంది కదా! విమానంలోకి నీరు రాగానే గాలి నిండిన జాకెట్ కూడా మనిషిని అలాగే పైకప్పుకు ఎత్తిపట్టింది. బయటపడే దారి నీటి కింద ఉండిపోయింది. మునిగి అక్కడికి చేరుదామంటే జాకెట్టే అడ్డమైంది. ప్రాణం నిలపవలసిన వస్తువే వారిని లోపల బంధించింది.

హడ్సన్ నదిపై

2009 జనవరి 15న న్యూయార్క్‌లో మరో విమానం నీటిపై దిగింది. లాగార్డియా విమానాశ్రయం నుంచి లేచిన ఎయిర్‌బస్ ఎ320కి పక్షుల గుంపు తగిలి, రెండు ఇంజన్లూ దాదాపు పూర్తిగా శక్తి కోల్పోయాయి. కెప్టెన్ సలెన్‌బర్గర్ రెక్కలను సమంగా నిలిపి హడ్సన్ నదిపై దించారు. ప్రయాణికులు రెక్కల మీదికి, తెప్పల్లోకి చేరుకున్నారు. ఫెర్రీ పడవలు కొద్ది నిమిషాల్లోనే వచ్చాయి. 155 మందీ ప్రాణాలతో బయటపడ్డారు.

రెండు సంఘటనల పరిస్థితులూ వేరు. కెప్టెన్ లియుల్ చేతులను హైజాకర్లు పనిచేయనివ్వలేదు. ఆ స్థితిలోనూ 50 మంది బతికారంటే అది సామాన్యమైన విషయం కాదు. నీటిపై దిగడమంటే చావు ఖాయమన్న భయం తప్పని ఈ రెండు సంఘటనలూ చెబుతున్నాయి. పైలట్ పని పైలట్ చేస్తాడు. ప్రయాణికుడు చేయవలసిన పని కూడా కొంత ఉంది.

తవక్కుల్ అంటే ఏమిటి?

ఒంటెను కట్టకుండా దేవునిపై భారం వేయాలా అని అడిగిన వ్యక్తికి, ముందు దాన్ని కట్టమని ప్రవక్త ముహమ్మద్ (స) బోధించిన సంగతి మనందరికీ తెలిసిందే. నూహ్ ప్రవక్త (అ)ను అల్లాహ్ ఓడ లేకుండానే కాపాడగలడు. అయినా ఓడ నిర్మించమని ఆజ్ఞాపించాడు. దుఆ చదివి, భద్రతా సూచనలను పెడచెవిన పెట్టేవాడు ఒంటెను కట్టకుండా వదిలినవాడే.

గుర్తుంచుకోవలసినవి

1. కూర్చోగానే ముందు, వెనుక ఉన్న తలుపుల వరకు ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టుకోవాలి. పొగలోనైనా, చీకట్లోనైనా చేతితో తడుముకుంటూ వెళ్లవచ్చు.

2. లైఫ్ జాకెట్ ఎక్కడుందో తెలుసుకోవాలి. చాలా విమానాల్లో అది సీటు కిందే ఉంటుంది. చంటిపిల్ల ఉంటే వారి జాకెట్ గురించి సిబ్బందిని అడగాలి.

3. సిబ్బంది చెప్పినప్పుడు జాకెట్ వేసుకోవాలి. గాలి మాత్రం లోపల నింపకూడదు. తలుపు దాటేటప్పుడే పట్టీ లాగాలి.

4. పైన పెట్టిన సంచి కోసం ఆగకూడదు. అందులో పాస్‌పోర్టు ఉన్నా సరే. మనం ఆగితే మన వెనుకవారి ప్రాణం ఆగుతుంది.

ఇహ్రామ్‌లో ఉన్నవారికి జాకెట్ వేసుకోవచ్చా అనే సందేహం రావచ్చు. ప్రాణాపాయంలో నిషిద్ధమైనది కూడా అవసరం మేరకు అనుమతించబడుతుందన్నది మన ధర్మశాస్త్రంలో ప్రసిద్ధ సూత్రం. కాబట్టి సంకోచించనవసరం లేదు.

హైదరాబాద్ నుంచి జిద్దాకు గానీ, దుబాయికి గానీ వెళ్లే విమానం అరేబియా సముద్రం దాటవలసిందే. ఇలాంటి ప్రమాదాలు చాలా అరుదు. అయినా అమ్మీ, అబ్బాలను హజ్‌కో, ఉమ్రాకో సాగనంపే పిల్లలు తవాఫ్, సయీ పద్ధతులు నేర్పేటప్పుడు ఈ నాలుగు మాటలూ వారి భాషలో చెప్పాలి. హజ్ శిక్షణ శిబిరాల్లో ఒక్క లైఫ్ జాకెట్ తెచ్చి చూపించినా చాలు. ఐదు నిమిషాలు పట్టదు. ఆ చదువు ఎన్నడూ అవసరం రాకూడదనే అందరం దుఆ చేద్దాం.