పరిమిత ధనంతో ఆటల కంప్యూటరు: విడిభాగాల ఎంపిక

ట్రాంబేలో రూపుదిద్దుకొన్న టి.డి.సి.-12 అనే గణనయంత్రం 1969లో వెలువడి, హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థ చేతిలో ఉత్పత్తికి వచ్చిన కాలంలో, కంప్యూటరు అన్నది పరిశోధనాలయాలకూ ప్రభుత్వ శాఖలకూ మాత్రమే అందుబాటులో ఉండిన వస్తువు. నేడు ధర్మపురిలోనో కోరుట్లలోనో డిగ్రీ చదివే యువకుడు దాని భాగాలను ఒక్కొక్కటిగా ఏరుకొని, స్క్రూలు బిగించి, తన గదిలో నిలుపుకొనగలుగుతున్నాడు. చదువు కొరకని ఇంట్లో చెప్పినా, మనసులోని కోరిక ఆటలేనన్నది బహిరంగ రహస్యం. తెలుగు పాఠం చెప్పుకొనే వానికి ఈ ప్రసంగం ఎందుకని కమిటీ పెద్దలు అడుగవచ్చును. మన జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఎన్నో కుటుంబాల్లో ఈ యంత్రానికి పెట్టే నలభై, యాభై వేలు దుబాయిలోనో మస్కట్‌లోనో ఎండలో నిలబడి పనిచేసే తండ్రో అన్నో పంపిన పైకం. అది ఎక్కడ వృథా అవుతున్నదో తెలుసుకొనడం ఆటకు సంబంధించిన విషయం మాత్రమే కాదు.

మొదట పేర్ల మాయను గూర్చి చెప్పవలసి ఉన్నది. "ఐ7 గేమింగ్ కంప్యూటరు, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు" అన్న ప్రకటనలు మన విద్యార్థుల ఫోన్లలో నిత్యం కనబడుతుంటవి. ధర ఆశ్చర్యకరంగా తక్కువ. కాని ఐ7 అన్నది ఇంటెల్ సంస్థ 2008లో మొదలుపెట్టిన పేరు. అది ఇంటిపేరు వంటిది. తాతకూ అదే, మనుమనికీ అదే. తాత ఎవరో మనుమడెవరో ఆ తరువాతి అంకె చెబుతుంది. ఐ7-3770 అన్నప్పుడు మొదటి 3 అనగా మూడవ తరం. అది 2012 నాటిది. ఐ3-12100 అన్నప్పుడు 12 అనగా పన్నెండవ తరం. అది 2022లో వచ్చినది. రెండింటికీ నాలుగే కోర్లు, ఎనిమిదే త్రెడ్లు. అయినను ఒక్కొక్క కోరు చేసే పనిలో చిన్నపేరు గల ఐ3, పెద్దపేరు గల ఆ ఐ7ను ఎంతో వెనుకకు నెడుతుంది.

నష్టం వేగంతోనే ఆగదు. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదవ తరం మొదలుకొని మాత్రమే అంగీకరిస్తుంది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. వాలరెంట్ వంటి ఆట విండోస్ 11 మీద టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే రెండు రక్షణ ఏర్పాట్లు లేనిదే తెరుచుకొనదు. అంటే, కొత్త పెట్టెలో మెరిసే రంగుదీపాల నడుమ ఆ మూడవ తరపు యంత్రాన్ని కొన్న విద్యార్థి, తాను ఆడదలచిన ఆటే ఆడలేకపోవచ్చును.

4 జీబీ మాట కూడా ఇటువంటిదే. 2014 నాటి జీటీ 730 కార్డుకు 4 జీబీ తగిలించి అమ్ముతారు. 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650కు కూడా 4 జీబీయే. ఈ రెండింటి శక్తికి పోలికే లేదు. గాదె పెద్దదైనంత మాత్రాన పంట పెరుగదు.

ఇక ఆట తెరమీదకు ఎట్లా వస్తుందో కొంచెం వివరంగా చూడవలెను. ఎంపిక అంతా దీనిమీదనే ఆధారపడి ఉన్నది. శత్రువు ఎక్కడ ఉన్నాడు, తూటా ఎటు పోయినది, గోడ కూలినదా లేదా అన్న లెక్కలు ప్రాసెసరు చేస్తుంది. ఆ లెక్క ప్రకారం బొమ్మ గీసేది గ్రాఫిక్స్ కార్డు. మామూలు 1920 × 1080 తెరమీద 20 లక్షల 73 వేల పైచిలుకు చుక్కలుంటవి. సెకనుకు 60 బొమ్మలు రావలెనన్న, ఈ చుక్కలన్నింటికీ రంగు నిర్ణయించడానికి కార్డుకు దొరికే గడువు సెకనులో అరవయ్యో వంతు. 2560 × 1440 తెర కొంటే చుక్కలు దాదాపు 36 లక్షల 86 వేలవుతవి. కార్డు మీద భారం ఆ మేరకు పెరుగుతుంది. ప్రాసెసరు భారం మాత్రం అంతగా మారదు.

సిరిసిల్ల సాంచాల మధ్య పెరిగిన వారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. పడుగు ఎంత మేలైనదైనా, కండెలో నూలు అయిపోతే సాంచా ఆగిపోతుంది. ప్రాసెసరు లెక్క అందించకపోతే కార్డు ఖాళీగా కూర్చుంటుంది. కార్డు బలహీనమైతే ప్రాసెసరు చేసిన లెక్కలు దాని వద్ద నిలిచిపోతవి. పరిమిత ధనంలో ఒక భాగాన్ని మహారాజును చేసి తక్కినవాటిని బిచ్చగాళ్ళను చేయడం వల్లనే ఎక్కువ డబ్బు పోతున్నది. కావున మొదట ఏ ఆట, ఏ తెర అన్నది నిశ్చయించుకొని, ఆ తరువాత కార్డు, దానికి సరిపడే ప్రాసెసరు, ఈ వరుసలో ఎంచుకొనవలెను. మన పిల్లలు సాధారణంగా దీనికి విరుద్ధంగా ప్రాసెసరుతో మొదలుపెట్టి, మిగిలిన దానితో కార్డు కొంటారు.

రూపాయల పట్టిక ఇవ్వడం నాకు ఇష్టం లేదు. 2025 చివరి మాసాల్లో కృత్రిమ మేధ కేంద్రాల కొనుగోళ్ళ వల్ల ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగినవి; ఈ సంచిక అచ్చై మీ చేతికి వచ్చేసరికి ఏ ధర ఎట్లుంటుందో చెప్పలేము. పాళ్ళ లెక్క కొంత నిలకడైనది. మానిటరు కాక యాభై వేలున్నవనుకుంటే, నా అభిప్రాయంలో సుమారు నలభై పాళ్ళు గ్రాఫిక్స్ కార్డుకు, ముప్పై పాళ్ళు ప్రాసెసరుకూ మదర్‌బోర్డుకూ కలిపి పోవలెను. మిగిలినది ర్యామ్, ఎస్ఎస్‌డీ, పవర్ సప్లై, క్యాబినెట్. 1080 తెరకు 2021లో వచ్చిన రేడియాన్ ఆర్ఎక్స్ 6600 వంటి 8 జీబీ కార్డు, దానికి జోడుగా ఐ3-12100ఎఫ్ గాని ఐ5-12400ఎఫ్ గాని సమతూకమైన జంట. (ఇటువంటి చిప్పులు తయారుచేసే ఏఎండీ, ఎన్విడియా సంస్థలకు హైదరాబాదులోనే పెద్ద కార్యాలయాలున్నవి. మన జిల్లా పిల్లలు వాటిని కొనడంతోపాటు వాటిని రూపొందించే వారిలోనూ చేరితే బాగుండునని ఆశ.)

ముప్పై వేలే ఉన్నప్పుడు ఏమి చేయవలెను? ఇక్కడనే చాలామంది తొందరపడి ఆ జీటీ 730 వంటి కార్డును కొంటారు. అంతకన్న, బొమ్మ గీసే శక్తిని తనలోనే కలిగిన రైజెన్ 5 5600జీ వంటి ప్రాసెసరును కొని, కార్డును మరుసటి ఏడాదికి వాయిదా వేయడం మేలు. వాలరెంట్, జీటీఏ 5 వంటి ఆటలు, నాణ్యత కొంత తగ్గించుకుంటే దానిమీద ఆడుకొనవచ్చును. అయితే అటువంటి ప్రాసెసరు బొమ్మ కొరకు కూడా ర్యామ్‌నే వాడుకుంటుంది కనుక 16 జీబీ ముక్క ఒకటి కాక, 8 జీబీ ముక్కలు రెండు పెట్టవలెను. రెండు దారుల్లో నీరు పారినట్లు వేగం పెరుగుతుంది.

అక్షరాల విషయంలో జాగ్రత్త అవసరం. ఇంటెల్ పేరు చివర ఎఫ్ ఉంటే అందులో బొమ్మ గీసే భాగం లేదు. వేరే కార్డు లేనిదే తెర నల్లగానే ఉంటుంది. రైజెన్ 5 5600కు కూడా అది లేదు, 5600జీకి ఉన్నది. ఒక్క అక్షరం తేడా. అట్లే పన్నెండవ తరం ఇంటెల్ బోర్డులు డీడీఆర్4 రకమూ డీడీఆర్5 రకమూ రెండూ ఉన్నవి. ఒకదాని ర్యామ్ మరొకదానిలో పట్టదు. ఎస్ఎస్‌డీ గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. 500 జీబీ ఎన్‌వీఎంఈ చాలును, పాత తిరుగుడు డిస్కు మాత్రం ఆటలకు వద్దు.

అందరూ కక్కుర్తిపడేది పవర్ సప్లై దగ్గర. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే పెట్టె మీద 450 వాట్లని అచ్చువేసి ఉన్నా, లోపల ఏమున్నదో దేవునికెరుక. లెక్క వేసి చూద్దాం. ఆర్ఎక్స్ 6600 గరిష్ఠంగా 132 వాట్లు, ఐ3-12100ఎఫ్ గరిష్ఠంగా 89 వాట్లు, తక్కిన భాగాలకు ఒక 50 అనుకుంటే మొత్తం 271. 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు గల 500 లేక 550 వాట్ల పవర్ సప్లైకి ఇది సగం బరువు. యంత్రం చల్లగా, నెమ్మదిగా నడిచే స్థితి. ఆ సగం బరువు వద్ద వంద వాట్లు లోనికి తీసుకుంటే సుమారు 85 వాట్లు యంత్రానికి అందుతవి. కావున గోడ నుండి లాగేది 320 వరకు ఉంటుంది, మానిటరుతో కలిపి 345. మామూలు 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది సుమారు 360 వాట్లు. సరిపోతుంది గాని, కరెంటు పోగానే ఆట ఆపి యంత్రాన్ని మూసివేయడానికి మాత్రమే అది పనికివస్తుంది. ఇంతకన్న పెద్ద కార్డు పెట్టదలచినవారు యూపీఎస్ ఖర్చు కూడా ముందే లెక్కించుకొనవలెను. వోల్టేజీ ఎగుడుదిగుళ్ళు గల పల్లెల్లో ఇది విలాసం కాదు.

వేసవిలో 45 డిగ్రీలు దాటే మన ప్రాంతంలో ముందు అద్దం బిగించిన క్యాబినెట్ అందమే గాని ఉక్కిరిబిక్కిరి. జాలీ ముఖం గలదీ, రెండు ఫ్యాన్లు గలదీ తీసుకొనండి. సాంచాల పక్క ఇండ్లలో నూలు ధూళి ఫ్యాన్ రెక్కలకు చుట్టుకుంటుంది. నెలకొకసారి బ్రష్‌తో దులపవలసినదే.

కొనుగోలుకు సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ మన రాష్ట్రంలో పేరుపొందిన చోటు. ఒక దుకాణంలో చీటీ రాయించుకొని, మరి రెండింటిలో అదే చీటీ చూపి ధర అడగడం అక్కడ మామూలే. చీటీలో "8 జీబీ కార్డు, బ్రాండెడ్ పవర్ సప్లై" అని రాస్తే ఒప్పుకొనవద్దు. సంస్థ పేరూ మోడల్ అంకె పూర్తిగా ఉండవలెను. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాను" అన్న మాట వినబడుతుంది. తగ్గేది 18 శాతం జీఎస్టీ; పోయేది వారంటీ. గ్రాఫిక్స్ కార్డుకు సాధారణంగా మూడేళ్ళ వారంటీ ఉంటుంది, దానికి ఆధారం బిల్లూ సీరియల్ అంకే. వినియోగదారుల కమిషన్‌కు పోవలసి వచ్చినా చేతిలో ఉండవలసినది ఆ కాగితమే.

దుబాయి నుండి కార్డు తెప్పించుకొనే ఆలోచన మన వారిలో సహజం. బర్ దుబాయిలో ఖాలిద్ బిన్ అల్ వలీద్ వీధి కంప్యూటర్ దుకాణాలకు ప్రసిద్ధం. కాని అనేక సంస్థల వారంటీ కొన్న దేశానికే పరిమితం. ఆ కార్డు ఇక్కడ చెడిపోతే, సెలవు మీద వచ్చిన బంధువు దానిని మళ్ళీ అక్కడికే మోసుకొనిపోవలెను. ధరలో ఉన్న తేడా ఆ ఇబ్బందికి తగినంత ఉన్నదా అని ముందే తూచుకొనవలెను.

పాత కార్డుల మాటకు వస్తే, 2022 సెప్టెంబరులో ఈథీరియం పద్ధతి మారి కార్డులతో ఆ నాణెం తవ్వే పని నిలిచిపోయిన తరువాత, అనేక నెలలు రాత్రింబవళ్ళు నడిచిన కార్డులు ఎన్నో అంగడికి వచ్చినవి. అవన్నీ చెడ్డవి కావు. అమ్మేవాని యంత్రంలోనే అరగంట సేపు బరువైన ఆట నడిపించి, తెరమీద చారలు పడుతున్నవా, ఫ్యాన్ గరగరలాడుతున్నదా, వేడి 85 డిగ్రీలు దాటుతున్నదా చూసి, అసలు బిల్లు అడిగి, దానిమీది సీరియల్ అంకెనూ కార్డు వెనుకనున్న అంకెనూ సరిపోల్చుకొన్న పిమ్మటనే డబ్బు చేతికివ్వండి.