బార్బెక్యూ సాస్

బార్బెక్యూ సాస్ అనగా నిప్పుల సెగ మీద గాని, పొగలో గాని కాల్చిన మాంసానికి పూసే లేదా పక్కన వడ్డించే రుచికరమైన ద్రవపదార్థం. ఇది ప్రధానంగా అమెరికా సంయుక్త రాష్ట్రాల వంటకాలకు, అందులోనూ దక్షిణాది రాష్ట్రాల వంటకాలకు చెందినది. పులుపు, తీపి, ఉప్పు, కారం అనే నాలుగు రుచుల కలయిక దీనికి ఆధారం. వీటి పాళ్ళు ప్రాంతాన్ని బట్టి, వండే మాంసాన్ని బట్టి మారుతాయి. ఏ మాంసానికి ఏ సాస్ తగినదన్న విషయంపై ఆ దేశంలో వాదోపవాదాలు సర్వసాధారణం. ఇందులో స్థానిక అభిమానం పాలు ఎక్కువే అయినా, మాంసంలోని కొవ్వు, వండే సమయం, సాస్‌లోని చక్కెర వంటి వాస్తవ కారణాలు కూడా ఈ ఎంపిక వెనుక ఉన్నాయి.

చరిత్ర

'బార్బెక్యూ' అన్న మాట స్పానిష్ భాషలోని 'బార్బకోవా' నుండి వచ్చింది. కరిబియన్ దీవులలోని తైనో ప్రజలు మాంసాన్ని ఆరబెట్టడానికి, కాల్చడానికి వాడిన కర్రల మంచెకు ఆ పేరు ఉండేది. అమెరికా దక్షిణాది రాష్ట్రాలలో గోతులు త్రవ్వి, నిప్పులు పరచి, జంతువును మొత్తంగా కాల్చే పద్ధతి వ్యాపించింది. బానిసత్వం అమలులో ఉన్న కాలంలో ఈ శ్రమతో కూడిన పనిని ఎక్కువగా చేసినవారు ఆఫ్రికా సంతతికి చెందిన బానిసలే. రాత్రంతా నిప్పులు చూసుకుంటూ, వినెగార్, మిరప కలిపిన పులుసును మాంసం మీద చల్లే నైపుణ్యం వారి చేతులలో రూపుదిద్దుకున్నది.

సీసాలలో సాస్ అమ్మకం ఇరవయ్యవ శతాబ్దంలో పెరిగింది. 1909లో అట్లాంటా నగరానికి చెందిన జార్జియా బార్బెక్యూ సాస్ కంపెనీ పత్రికలో ప్రకటన ఇచ్చింది. హైంజ్ సంస్థ 1940లో తన సాస్‌ను విడుదల చేసింది. కాన్సాస్ సిటీకి చెందిన వైద్యుడు రిచ్ డేవిస్ 1977లో 'కెసి మాస్టర్‌పీస్' అనే తీపి సాస్‌ను ప్రవేశపెట్టాడు. ఇటువంటి చిక్కని, ఎర్రని, తీపి సాస్ దేశమంతటా అమ్ముడుపోవడం వలన బార్బెక్యూ సాస్ అంటే ఇదేనన్న అభిప్రాయం ఏర్పడింది. నిజానికి ఇది అనేక రకాలలో ఒకటి మాత్రమే.

ప్రాంతీయ రకాలు

తూర్పు నార్త్ కరొలినా: వినెగార్, ఉప్పు, ఎండుమిర్చి, మిరియాలు మాత్రమే కలిపిన పలుచని సాస్. ఇందులో టమాటా ఉండదు.

లెక్సింగ్టన్ (నార్త్ కరొలినా): పై సాస్‌కు కొద్దిగా టమాటా కెచప్, చక్కెర చేరుస్తారు. దీనిని స్థానికంగా 'డిప్' అంటారు.

సౌత్ కరొలినా: ఆవముద్ద (మస్టర్డ్) ఆధారంగా చేసే పసుపు రంగు సాస్. అక్కడ స్థిరపడిన జర్మన్ కుటుంబాల ప్రభావం వలన ఇది వచ్చిందని చెబుతారు.

కాన్సాస్ సిటీ: టమాటా, మొలాసిస్ (చెరకు మడ్డి), గోధుమవర్ణపు చక్కెరలతో చేసే చిక్కని సాస్. ఈ నగరపు బార్బెక్యూకు మూలపురుషుడిగా హెన్రీ పెర్రీని పేర్కొంటారు. ఆయన సాస్ తీపిగా కాక మిక్కిలి కారంగా ఉండేదని ప్రసిద్ధి. 1940లో ఆయన మరణించిన తరువాత ఆ వ్యాపారం చార్లీ బ్రయంట్‌కు, ఆపై అతని సోదరుడు ఆర్థర్ బ్రయంట్‌కు దక్కింది.

టెక్సాస్: మధ్య టెక్సాస్‌లో జర్మన్, చెక్ వలసదారుల మాంసపు దుకాణాల నుండి బార్బెక్యూ పుట్టింది. అక్కడ సాస్‌కు ప్రాముఖ్యం తక్కువ. లాక్‌హార్ట్ పట్టణంలో 1900లో ప్రారంభమైన క్రూజ్ మార్కెట్ చాలాకాలం పాటు సాస్ వడ్డించలేదు.

అలబామా: మయొనేజ్, వినెగార్, మిరియాలతో చేసే తెల్లని సాస్. డికేటర్ పట్టణానికి చెందిన 'బిగ్ బాబ్' గిబ్సన్ 1925 ప్రాంతంలో దీనిని రూపొందించాడని చెబుతారు.

కెంటకీ: ఓవెన్స్‌బరో పట్టణంలో గొర్రె మాంసానికి వాడే నల్లని డిప్. వూస్టర్‌షైర్ సాస్, వినెగార్ ఇందులో ముఖ్యమైనవి.

మాంసాన్ని బట్టి ఎంపిక

సాస్ ఎంపికలో మూడు విషయాలు గమనించాలి. మొదటిది కొవ్వు: కొవ్వు ఎక్కువైన మాంసానికి పులుపు అవసరం. పులుపు నాలుక మీది జిడ్డుదనాన్ని తగ్గించి, తరువాతి ముద్దకు నోటిని సిద్ధం చేస్తుంది. రెండవది మాంసపు స్వంత రుచి: రుచి బలంగా ఉన్న మాంసానికి సాస్ తోడుగా ఉండాలి గాని దానిని కప్పివేయరాదు. మూడవది వండే వేడి: ఎక్కువ సెగ మీద తీపి సాస్ త్వరగా మాడుతుంది.

పంది భుజం భాగం: ఇందులో కొవ్వు, కొల్లాజెన్ అనే ప్రోటీను అధికం. గంటల తరబడి సన్నని సెగ మీద ఉంచినపుడు కొల్లాజెన్ జెలటిన్‌గా మారి మాంసం పీచులుగా విడిపోతుంది. ఈ పీచుల మధ్యకు పలుచని వినెగార్ సాస్ సులభంగా ఇంకుతుంది. చిక్కని సాస్ పైపైనే నిలిచిపోతుంది. ఆవముద్ద సాస్ కూడా దీనికి తగినదే.

పంది పక్కటెముకలు: వీటిలో మాంసం పలుచగా, ఉపరితలం ఎక్కువగా ఉంటుంది. కాన్సాస్ సిటీ తరహా సాస్ మెరిసే పూతగా అతుక్కుంటుంది. మెంఫిస్ నగరంలో సాస్ లేకుండా పొడి మసాలా పట్టించి కూడా వడ్డిస్తారు.

గొడ్డు మాంసం: ఛాతీ భాగమైన బ్రిస్కెట్‌ను ఉప్పు, మిరియాలు పట్టించి పొగలో వండుతారు. దీని రుచి స్వతహాగా గాఢమైనది కనుక ఎక్కువ తీపి దానిని మరుగుపరుస్తుంది. కారం కలిగి, తీపి తక్కువైన పలుచని సాస్‌ను పక్కన ఉంచడం మేలు.

కోడి మాంసం: రొమ్ము భాగంలో కొవ్వు తక్కువ, కావున త్వరగా ఎండిపోతుంది. మయొనేజ్ గల తెల్లని సాస్ ఈ లోటును పూరిస్తుంది. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్యుడు రాబర్ట్ బేకర్ నూనె, వినెగార్, గ్రుడ్డు, ఉప్పు, మసాలా ఆకులతో మరొక సాస్‌ను ప్రచారంలోకి తెచ్చాడు. గ్రుడ్డు వలన నూనె, వినెగార్ విడిపోకుండా కోడి చర్మానికి పట్టుకుంటాయి. ఇందులో చక్కెర లేదు కనుక మొదటి నుండి పూసినా మాడదు.

గొర్రె మాంసం: ముదురు గొర్రె మాంసపు ఘాటైన వాసనకు వూస్టర్‌షైర్ సాస్ గల కెంటకీ డిప్ సరిపోతుంది. వూస్టర్‌షైర్ సాస్‌లో చింతపండు ఒక దినుసు. చింతపండు పులుపుకు అలవాటుపడిన తెలుగువారికి ఈ రుచి కొత్తగా తోచకపోవచ్చు.

చేపలు: వీటి రుచి సున్నితమైనది, వండే సమయం కూడా స్వల్పం. నిమ్మరసం లేదా పలుచని ఆవముద్ద సాస్ చాలును. పొగవాసన గల చిక్కని సాస్ చేప రుచిని పూర్తిగా మింగివేస్తుంది.

పూసే సమయం

సాధారణ చక్కెర సుమారు 160 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగి రంగు మారుతుంది. తేనెలోను, పండ్లలోను ఉండే ఫ్రక్టోజ్ ఇంకా తక్కువ వేడికే రంగు మారుతుంది. ఎర్రని నిప్పుల మీది కమ్మీల వేడి ఈ హద్దును సులభంగా దాటుతుంది. కావున తీపి సాస్‌ను మాంసం దాదాపు ఉడికిన తరువాత, చివరి పది పదిహేను నిమిషాలలో పలుచని పొరలుగా పూయాలి. ముందే పూసినచో పైభాగం మాడి చేదెక్కుతుంది. పైన నలుపెక్కినా లోపల పచ్చిగా ఉండవచ్చు. పైరంగు చూసి మాంసం ఉడికినదని భావించడం ప్రమాదకరం.

జాగ్రత్తలు

అమెరికా వ్యవసాయ శాఖ సూచనల ప్రకారం లోపలి ఉష్ణోగ్రత కోడి మాంసానికి 74, కైమాకు 71 డిగ్రీల సెల్సియస్ చేరాలి. గొడ్డు, పంది, గొర్రె మాంసపు పెద్ద ముక్కలకు 63 డిగ్రీలు చేరిన పిదప మూడు నిమిషాలు ఆగాలి. పచ్చి మాంసానికి తగిలిన సాస్‌ను మరిగించకుండా వడ్డించరాదు. వడ్డించే సాస్‌ను ముందుగానే వేరే గిన్నెలో తీసి ఉంచడం ఉత్తమం.

సాస్ సీసాలో ఏమున్నదో చదవడం కూడా అంతే అవసరం. వూస్టర్‌షైర్ సాస్‌లో సాధారణంగా ఆంకోవీ అనే చిన్న చేపలు ఉంటాయి. కాబట్టి అది కలిసిన బార్బెక్యూ సాస్ శాకాహారం కాదు. భారతదేశంలో శాకాహార పదార్థాల పొట్లాలపై పచ్చని గుర్తు తప్పనిసరి. అమెరికాలో అటువంటి నియమం లేదు. అక్కడ నివసించే శాకాహార తెలుగు కుటుంబాలు దినుసుల పట్టికను చూడవలసి ఉంటుంది. ఆవాలు సరిపడనివారు మరింత జాగ్రత్త వహించాలి. అమెరికా చట్టం ప్రత్యేకంగా ప్రకటించమన్న తొమ్మిది అలెర్జీ కారకాలలో ఆవాలు లేవు. అవి 'మసాలా దినుసులు' అన్న మాట వెనుక ఉండవచ్చు. తేనె కలిసిన సాస్‌ను ఏడాది నిండని శిశువులకు పెట్టరాదు. దినుసులను బరువును బట్టి అవరోహణ క్రమంలో ముద్రిస్తారు. కావున చక్కెర మొదటి స్థానంలో ఉన్నచో ఆ సాస్‌లో అదే అన్నిటికన్నా ఎక్కువని గ్రహించాలి.

నచ్చిన సాస్‌ను తెలుసుకొనడం

రుచి వ్యక్తిగతమైనది. అయినప్పటికీ పోల్చి చూసే పద్ధతి ఒకటి కలదు. మాంసాన్ని ఉప్పు మాత్రమే వేసి వండి, ముందు సాస్ లేకుండా రుచి చూడాలి. తరువాత వినెగార్, ఆవముద్ద, టమాటా ఆధారిత సాస్‌లను ఒక్కొక్కటిగా, పలుచనివి ముందు, తీపివి చివర రుచి చూడాలి. తీపి ముందుగా తిన్నచో తరువాతివి అతిగా పుల్లగా తోస్తాయి. సాస్ వలన మాంసపు రుచి పెరిగితే అది ఆ మాంసానికి తగినదని, సాస్ రుచి మాత్రమే మిగిలితే తగనిదని చెప్పవచ్చు.