తక్కువ ఒడుదుడుకుల ఫండ్లు

షేర్ల మార్కెట్టు అనగానే మన ఇండ్లలో పెద్దలు నేటికిని ఉలికిపడుదురు. ఆ భయమును కొంత తగ్గించుటకై ఏర్పడినవే తక్కువ ఒడుదుడుకుల ఫండ్లు. ఆ పేరు వినినంతనే ఇందు నష్టమే ఉండదు కాబోలునని తోచును. ఈ అపోహను గురించియే మేము నాలుగు మాటలు చెప్పదలచితిమి.

అమెరికాలో 2011లో ప్రారంభమైన అట్టి ఫండు నొకదానిని చూతము. అచటి ‘ఎస్ అండ్ పి 500’ సూచీలోని కంపెనీలలో, గడచిన ఏడాదిలో ధర అన్నిటికంటె తక్కువగా ఊగిన నూరు షేర్లను అది కొనును. నిలకడ ఎక్కువైన కొలది ఆ షేరునకు పాలు హెచ్చు. మూడు నెలల కొకమారు జాబితా మారును. కంపెనీ మంచిదా, ధర చౌకయా అను విచారణ ఇందు లేదు. విద్యుత్తు, సబ్బులు, ఆహార పదార్థములు మొదలగు, జనులు కష్టకాలమునను మానలేని వస్తువుల కంపెనీలు ఇందు తరచుగా చేరుచుండును.

2022లో వడ్డీరేట్లు పెరిగినపుడు, డివిడెండ్లను కలుపుకొనినను ఆ మార్కెట్టు 18 శాతము పడినది. ఫండు పడినది సుమారు 5 శాతము మాత్రమే. కాని మరుసటి యేడు మార్కెట్టు 26 శాతము లేచినది. ఫండు దాదాపుగా ఉన్నచోటనే ఉండిపోయినది. రెండేండ్లకు కలిపి లెక్క వేయుడు. మార్కెట్టుతో సాగినవాని నూరు డాలర్లు 103 అయినవి. ఫండులో ఉంచినవానివి 95 దాటి కొంచెము. అట్లని ఫండు పనికిమాలినదని మేమనము. నూరు 82 కాగానే బెదరి అమ్ముకొనినవానికి ఆ 103 దక్కలేదు గదా! నిద్రపట్టని వారికే ఈ ఫండు.

అయితే 2020 ఫిబ్రవరి 19 మొదలు మార్చి 23 వరకు, కరోనా భయముతో మార్కెట్టు 34 శాతము కూలినపుడు, ఈ ఫండు కాపాడలేకపోయినది. ఇంచుమించుగా అంతయు పడినది. కారణము ఎంపికలోనే యున్నది. అది చూచునది గత సంవత్సరమును. భవనములను అద్దెకిచ్చు కంపెనీలు అంతవరకు ఎంతో నెమ్మదిగా కనిపించినవి; దుకాణములు, కార్యాలయములు మూతపడగానే ఆ నెమ్మది చెదరినది. అందుచే మరుసటి సంవత్సరపు కళాశాల రుసుమునకు దాచిన సొమ్మును ఇట్టి ఫండులో ఉంచుట మాకు సమంజసముగా తోచదు.

మన దేశమునను ఇట్టి సూచీ కలదు. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలోని నూరు పెద్ద కంపెనీలనుండి నిలకడ గల 30 షేర్లను ఏరుదురు. దానిని అనుసరించు ఫండ్లును కలవు. ఆ ఎంపికకును ఆధారము గడచిన ఏడాది ధరలే.